మీ పాత లింకులు ఎక్కడికి పోతున్నాయి?

(స్థానిక వార్తా సైట్లు, చిన్న వ్యాపారాల సైట్లు నడిపేవాళ్ల కోసం కర్నూలులో జరిగిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల నుంచి కూడా వచ్చినట్టున్నారు. చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, రండి.

వార్తా సైట్లు నడిపేవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సరే, సగం మంది ఉన్నారు. మీకు 2022 ఏప్రిల్ 4 గుర్తుండే ఉంటుంది. ఆ రోజు రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మన జిల్లాలోంచి నంద్యాల విడిపోయింది. శ్రీశైలం అటు పోయింది, మహానంది అటు పోయింది, అహోబిలం, యాగంటి, బనగానపల్లె అన్నీ అటే పోయాయి. జనానికి కలెక్టరాఫీసు మారింది. మరి మీ వెబ్‌సైట్‌లో ఏం మారింది?

చాలామంది ఏం చేశారంటే, అప్పటిదాకా కర్నూలు విభాగంలో ఉన్న శ్రీశైలం వార్తలన్నీ తీసి నంద్యాల విభాగంలో పెట్టారు. చూడ్డానికి మంచి పనే. కానీ మీ సైట్ అడ్రస్‌లోనే జిల్లా పేరు ఉంది కదా? సైట్ పేరు, స్లాష్ కర్నూలు, స్లాష్ శ్రీశైలం డ్యామ్ గేట్లు. అది ఇప్పుడు స్లాష్ నంద్యాల, స్లాష్ శ్రీశైలం డ్యామ్ గేట్లు అయింది. వార్త అదే, ఫొటో అదే, అడ్రస్ మాత్రం కొత్తది. మరి పాత అడ్రస్? అది ఎంతమంది వాట్సాప్‌లో ఉంది? ఎన్ని సైట్లు దానికి లింకు ఇచ్చాయి? గూగుల్ దాన్నే కదా తన దగ్గర రాసిపెట్టుకుంది? ఆ పాత అడ్రస్ నొక్కితే ఏం వస్తుందో మీలో ఎంతమంది చూసుకున్నారు?

సైట్లు తయారుచేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు కొంత అదృష్టవంతులు. ఇలాంటి మార్పును అది చాలాసార్లు దానంతట అదే పట్టుకుని పాతదాన్ని కొత్తదానికి పంపిస్తుంది. సొంతంగా ఎవరితోనో రాయించుకున్న సైట్లకు ఆ సౌకర్యం ఉండదు. అక్కడ పాత లింకు నొక్కితే 404. అంటే పేజీ లేదు అని. పేజీ ఉంది, పక్క గదిలోనే ఉంది, కానీ లేదని చెబుతున్నాం!

అందుకని మొదట చెప్పాల్సింది ఇది. అవసరం లేకుండా అడ్రస్ మార్చకండి. జిల్లా పేరు, విభాగం పేరు, రిపోర్టర్ పేరు, ఇవన్నీ ఏదో ఒకరోజు మారేవే. మారేవాటిని అడ్రస్‌లో ఎందుకు పెట్టాలి? వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ మాట గట్టిగా చెప్పారు. విభాగం మార్చండి, మెనూ మార్చండి, డిజైన్ మార్చండి, రంగులు మార్చండి. అడ్రస్ జోలికి మాత్రం పోకండి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలు ప్రతి ఏడూ శ్రావణంలో వస్తాయి కదా. వాటికి ఏటా ఒక కొత్త పేజీ, అడ్రస్‌లో ఆ సంవత్సరం. పోయిన సంవత్సరం పేజీకి వచ్చిన పేరంతా పోయిన సంవత్సరంతోనే పోతుంది. సంవత్సరం లేకుండా ఒకే అడ్రస్ పెట్టుకుని, ఏటా తేదీలు, బస్సుల వివరాలు అందులోనే మార్చుకుంటే ఆ పేజీ ఏటికేడు బలపడుతుంది. దేవరగట్టు బన్నీ ఉత్సవం పేజీకి కూడా ఇదే చేయండి.

సరే, మార్చక తప్పలేదు అనుకుందాం. అప్పుడు రీడైరెక్ట్ పెట్టాలి. పాత బస్టాండు దగ్గరున్న షాపు ఖాళీ చేసి కొత్త చోటికి పోతే, పాత షట్టర్ మీద "మా షాపు ఫలానా చోటికి మారింది" అని బోర్డు కడతాం చూడండి, అంతే. సర్వర్ ఈ సంగతి ఒక నంబరుతో చెబుతుంది. 301 అంటే శాశ్వతంగా మారిపోయాం అని. 302 అంటే తాత్కాలికంగా అక్కడ ఉన్నాం, మళ్లీ ఇక్కడికే వస్తాం అని. 308, 307 అని ఇంకో జత ఉంది, వాటి అర్థమూ ఇదే వరుసలో శాశ్వతం, తాత్కాలికం. మీ సైట్లకు 301, 302 తెలిస్తే చాలు.

ఏది పెట్టాలి అని అడుగుతారు. నిజంగా మారిపోతే 301. అందులో ఆలోచించేదేమీ లేదు. కానీ ఒక జాగ్రత్త. 301ని మనుషుల బ్రౌజర్లు కూడా గుర్తుపెట్టుకుంటాయి. మీరు తప్పు అడ్రస్‌కు 301 పెట్టి, గంట తర్వాత సరిచేసినా, ఆ గంటలో వచ్చినవాళ్ల ఫోన్లలో ఆ తప్పే ఉండిపోవచ్చు. కాబట్టి ముందు 302 పెట్టి, ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, సరిగ్గా పోతోందని చూసుకుని, అప్పుడు 301 చేయండి. "301 పెడితే ర్యాంకు కొంత తగ్గుతుందంట కదా సార్" అని ఇంకా అడుగుతూనే ఉంటారు. రీడైరెక్ట్ వల్ల పేజ్‌ర్యాంక్, అంటే లింకుల వల్ల పేజీకి వచ్చే బలం, పోదని గూగుల్ వాళ్లు 2016లోనే చెప్పారు. ఆ భయం వదిలేయండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నేను చూసినవాటిలో ఎక్కువ నష్టం చేసింది ఏమిటంటే, పాత పేజీలన్నిటినీ హోమ్ పేజీకి పంపేయడం.

కర్నూలు సోనా బియ్యం అమ్మే వ్యాపారి ఒకాయన. పాత సైట్ బాగా నడిచేది. పాత బియ్యానికి ఒక పేజీ, కొత్త బియ్యానికి ఒక పేజీ, 25 కిలోల బస్తాకు ఒక పేజీ, బెంగళూరు, హైదరాబాద్ డెలివరీకి ఒక పేజీ. సైట్ పాతబడిందని కొత్తది చేయించారు. చేసినవాళ్లు కొత్త సైట్‌కు కొత్త అడ్రస్‌లు ఇచ్చి, పాతవన్నీ ఒక్క లైనులో హోమ్ పేజీకి మళ్లించారు. 404 ఒక్కటి కూడా లేదు, అంతా పచ్చగా ఉంది అని రిపోర్టు కూడా ఇచ్చారు. కొన్ని వారాలకు ఫోన్లు తగ్గాయి.

ఎందుకు తగ్గాయి? బెంగళూరులో ఒకామె "పాత సోనా బియ్యం 25 కిలోలు" అని వెతికింది. గూగుల్ చూపించిన లింకు నొక్కింది. వచ్చింది హోమ్ పేజీ. పైన పెద్ద పొలం ఫొటో, కింద "మా గురించి". ఆమెకు కావాల్సింది ఎక్కడ? ఆమె వెతుకుతుందా? వెతకదు, వెనక్కి పోతుంది. గూగుల్ కూడా అదే అనుకుంటుంది. బస్తా పేజీ అడిగితే సంబంధం లేని హోమ్ పేజీ ఇస్తున్నారు, అంటే ఆ పేజీ లేనట్టే లెక్క అని. దీన్ని సాఫ్ట్ 404 అంటారు. పైకి రీడైరెక్ట్, లోపల 404. పాత పేజీ సంపాదించుకున్నది కొత్త పేజీకి చేరదు.

దీన్ని ఎలా బాగు చేశామో చెబుతాను, ఎందుకంటే మీలో చాలామందికి ఈ పని పడుతుంది. ముందు పాత అడ్రస్‌ల జాబితా కావాలి. పాత సైట్‌మ్యాప్, అంటే సైట్‌లోని అడ్రస్‌ల జాబితా ఫైలు, ఉంటే అందులోంచి. సైట్ ఓనర్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ రిపోర్టులోంచి. హోస్టింగ్‌లో, ఏ పేజీ ఎప్పుడు అడిగారో రాసుకునే సర్వర్ లాగ్ దొరికితే అందులోంచి. ఏదీ లేకుంటే, పాత వెబ్ పేజీలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పాత సైట్ తెరిచి అందులోంచి. ఇవన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో మొదటి నిలువు వరుసలో పెట్టండి. పక్క నిలువు వరుసలో ఒక్కోదానికి సరిపోయే కొత్త పేజీ రాయండి. పాత బియ్యం పేజీకి పాత బియ్యం పేజీ. బస్తాకు బస్తా. సరిపోయేది లేదా? అప్పుడు హోమ్‌కు పంపకండి. లేదని నిజం చెప్పండి. 404 ఇవ్వండి, లేదా పూర్తిగా తీసేశామని చెప్పే 410 ఇవ్వండి. 404 అంటే సిగ్గుపడాల్సిన పని లేదు. అమ్మడం మానేసిన సరుకు పేజీకి 404 రావడమే సరైన సంగతి.

ఇది ఓపిక పని. సాయంత్రాలు కూర్చుని చేయాల్సిన పని. సరుకు గురించి తెలిసిన మనిషి పక్కన ఉండాలి. ఏ బియ్యానికి ఏది సమానమో ప్రోగ్రాం రాసేవాడికి ఏం తెలుస్తుంది? ఆ వ్యాపారే పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్పారు.

రెండోది, గొలుసులు. మీ సైట్ పేరు ముందు హెచ్‌టీటీపీ అని కొట్టి చూడండి. అది ఎస్ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌కు పోతుంది. అక్కడి నుంచి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదానికి పోతుంది. అక్కడి నుంచి చివర స్లాష్ ఉన్నదానికి. అక్కడి నుంచి పోయిన ఏడాది మార్చిన అడ్రస్‌కు. అక్కడి నుంచి ఈ ఏడాది మార్చిన అడ్రస్‌కు. ఒక్క పేజీకి ఐదు మజిలీలు! పేజీలు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రాం, గూగుల్ బాట్, పది దాకా వెంటపడుతుంది, ఆపైన వదిలేస్తుంది. మరి పల్లెలో సిగ్నల్ సరిగా లేని ఫోన్ పట్టుకున్న మనిషి ఎన్ని దాకా ఆగుతాడు? కొత్త మార్పు చేసినప్పుడల్లా, పాత రీడైరెక్ట్‌లన్నీ తెరిచి, వాటిని కూడా నేరుగా చివరి అడ్రస్‌కే పంపండి. ఒక్క అంగలో చేరాలి.

చూడటం ఎలాగంటారా? ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి కర్ల్ అని రాసి, హైఫన్ పెట్టి, క్యాపిటల్ ఐ పెట్టి, మీ అడ్రస్ ఇవ్వండి. మొదటి లైనులో నంబరు వస్తుంది. 301 అయితే కింద లొకేషన్ అనే లైనులో ఎక్కడికి పంపుతోందో ఉంటుంది. ఆ అడ్రస్ తీసుకుని మళ్లీ అదే కమాండ్ ఇవ్వండి. 200, అంటే పేజీ దొరికింది అనే నంబరు, వచ్చేదాకా ఇవ్వండి. బ్రౌజర్ మీకు చివరి పేజీ మాత్రమే చూపిస్తుంది, దారి చూపించదు. ఈ కమాండ్ దారి చూపిస్తుంది.

కొన్నిసార్లు 200 ఎప్పటికీ రాదు. అదే అడ్రస్ మళ్లీ మళ్లీ వస్తుంది. బ్రౌజర్‌లో "టూ మెనీ రీడైరెక్ట్స్" అని తెల్ల పేజీ. సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్యలో నిలబడే సర్వీసు క్లౌడ్‌ఫ్లేర్ వాడేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందులో ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగ్ ఫ్లెక్సిబుల్‌లో ఉంటే, క్లౌడ్‌ఫ్లేర్ మీ సర్వర్‌తో ఎస్ లేకుండా మాట్లాడుతుంది. మీ సర్వర్ "ఎస్‌తో రా" అని తిప్పి పంపుతుంది. బ్రౌజర్ ఎస్‌తోనే వస్తుంది, క్లౌడ్‌ఫ్లేర్ మళ్లీ ఎస్ తీసేసి అడుగుతుంది. ఇక తిరగడమే. సర్వర్‌లో ఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ పెట్టించి, సెట్టింగ్‌ను ఫుల్ స్ట్రిక్ట్‌కు మార్చండి. టెన్షన్ పడి సైట్‌కు తగిలించుకున్న ప్లగిన్లన్నీ పీకేయకండి.

ఇక తెలుగులో రాసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక సంగతి ఉంది, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే అడ్రస్ కూడా తెలుగులోనే తయారవుతుంది. లోపల మాత్రం ప్రతి తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. గుణింతం విడిగా లెక్క, పొల్లు విడిగా లెక్క. కర్నూలు అనే మాట చూడండి. క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము. ఏడు. ఏడు తొమ్మిదులు 63. ఒక్క ఊరి పేరుకే 63 అక్షరాలు! వర్డ్‌ప్రెస్ అడ్రస్‌కు ఇచ్చే జాగా మొత్తం 200.

ఇప్పుడు "కర్నూలు ఉల్లి మార్కెట్ ధరలు పతనం" అని శీర్షిక పెట్టారనుకోండి. కర్నూలు వచ్చింది, ఉల్లి వచ్చింది, మార్కెట్ వచ్చింది, తర్వాత "ధ" దగ్గర తెగిపోయింది. 200 నిండిపోయింది. పతనం అనే మాట అడ్రస్‌లోకి రానే లేదు. వారం తర్వాత "కర్నూలు ఉల్లి మార్కెట్ ధరలు పెరిగాయి" అని రాశారు. అదీ అక్కడే తెగింది. రెండూ ఒకటే అయ్యాయి కాబట్టి వర్డ్‌ప్రెస్ రెండోదాని చివర 2 అని తగిలిస్తుంది. తర్వాత 3, తర్వాత 4. పతనం ఏదో, పెరిగింది ఏదో అడ్రస్ చూసి ఎవరూ చెప్పలేరు. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల చాంతాడు. దాన్ని ఎవరైనా మధ్యలో తెంపి కాపీ చేస్తే పని అయిపోయింది.

గూగుల్‌కు తెలుగు అడ్రస్ చదవడం రాదు అనుకోకండి, వస్తుంది. ఇబ్బంది మనుషులకే. కాబట్టి ఇకమీదట పోస్ట్ పబ్లిష్ చేసే ముందే స్లగ్ దగ్గర, అంటే అడ్రస్ చివరి ముక్క రాసే చోట, ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలు చిన్నగా రాయండి. శీర్షిక తెలుగులోనే ఉంటుంది, వార్త తెలుగులోనే ఉంటుంది, దానికేమీ కాదు. ఇది విని ఇంటికి పోయి పాత పోస్టులన్నిటి స్లగ్‌లు మార్చేస్తారేమో, దయచేసి ఆ పని మాత్రం చేయకండి! పాతవి ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి. మొదట ఏం చెప్పాను? అవసరం లేకుండా అడ్రస్ మార్చకండి.

ఇక ఇండెక్స్ సంగతి, అంటే గూగుల్ మీ పేజీని తన దగ్గర రాసిపెట్టుకోవడం. "సార్, మా పేజీలు గూగుల్‌లో రావట్లేదు" అంటారు. నేను మొదట అడిగేది ఒకటే. మీ సైట్ గూగుల్‌కు ఒకే మాట చెబుతోందా? రీడైరెక్ట్ ఒక అడ్రస్ చెబుతుంది. పేజీలో కానానికల్ ట్యాగ్, అంటే ఈ పేజీ అసలు అడ్రస్ ఇది అని చెప్పే లైను, ఇంకోటి చెబుతుంది. సైట్‌మ్యాప్‌లో పాత అడ్రస్‌లు ఉంటాయి. మెనూలో ఇంకా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని లింకులు ఉంటాయి. నాలుగు చోట్ల నాలుగు మాటలు. గూగుల్ ఏది నమ్మాలి? దానికి తోచింది అది తీసుకుంటుంది. కానానికల్ అనేది మనం చెప్పే అభిప్రాయమే, గూగుల్‌కు ఆజ్ఞ కాదు. నాలుగు చోట్లా ఒకే అడ్రస్ కనిపించాలి. సగం జబ్బులు దీంతోనే నయమవుతాయి.

ఇంకో తికమక ఉంది, చదువుకున్న డెవలపర్లకు కూడా ఉంది. రోబోట్స్ ఫైలులో, అంటే సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావద్దో చెప్పే ఫైలులో, ఒక పేజీని ఆపితే అది గూగుల్‌లోంచి పోతుంది అనుకుంటారు. పోదు. రోబోట్స్ ఫైలు చెప్పేది లోపలికి రావద్దని మాత్రమే. పేరు రాసుకోవద్దని కాదు. బయట ఎవరో లింకు ఇస్తే, లోపల ఏముందో తెలియకుండానే ఆ అడ్రస్ చూపించొచ్చు. తీసేయాలంటే పేజీలో నోఇండెక్స్ అని పెట్టాలి. ఆ మాట చదవాలంటే గూగుల్ లోపలికి రావాలి కదా? రెండూ కలిపి పెట్టారంటే, తలుపు మూసి లోపల నోటీసు అంటించినట్టే. ఎవరు చదువుతారు? కొంతమంది నోఇండెక్స్ మాటను రోబోట్స్ ఫైలులోనే రాస్తారు. దాన్ని గూగుల్ 2019 సెప్టెంబర్ 1 నుంచి పట్టించుకోవడం మానేసింది.

వర్డ్‌ప్రెస్ వాళ్లు ఒకసారి సెట్టింగ్స్‌లో రీడింగ్‌కు పోండి. సెర్చ్ ఇంజిన్లు రావద్దని చెప్పే చిన్న గడి ఒకటి ఉంటుంది. సైట్ తయారయ్యేటప్పుడు టిక్ పెడతారు, లాంచ్ రోజు కొబ్బరికాయ కొట్టే సందడిలో తీయడం మరిచిపోతారు. సైట్ మొత్తం నోఇండెక్స్! ముందు అది చూడండి, తర్వాతే ఎవరికైనా డబ్బులివ్వండి.

సెర్చ్ కన్సోల్‌లో బూడిద రంగు జాబితా చూసి భయపడేవాళ్లు ఉన్నారు. "పేజ్ విత్ రీడైరెక్ట్" అని వందల్లో చూపిస్తుంది. అది తప్పు కాదు. మీరు పెట్టిన రీడైరెక్ట్ దానికి కనిపించింది, అంతే. "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని ఉంటే మాత్రం ఆలోచించాలి. అంటే వచ్చింది, చదివింది, రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదు? వార్తా సైట్ల వాళ్లు కోపం తెచ్చుకోకండి, ఉన్నదే చెబుతున్నాను. సమాచార శాఖ ప్రెస్ నోట్ వచ్చిందంటే అక్షరం మార్చకుండా పది సైట్లలో పడుతుంది. పదింటిలో మీదే ఎందుకు పెట్టుకోవాలి? అక్కడ రీడైరెక్ట్‌లు, సైట్‌మ్యాప్‌లు ఏమీ చేయలేవు. మార్కెట్ యార్డుకు పోయి ఉల్లి రైతుతో మాట్లాడి రెండు మాటలు, క్వింటాలు ధర, మీరు తీసిన ఫొటో పెట్టండి. అది మీ దగ్గర మాత్రమే దొరుకుతుంది.

డొమైన్, అంటే సైట్ పేరునే, మార్చేవాళ్లకు ఒక మాట. పేజీకి పేజీ 301 పెట్టాక, సెర్చ్ కన్సోల్‌లో చేంజ్ ఆఫ్ అడ్రస్ వాడండి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నేనైతే ఉంచగలిగినంత కాలం ఉంచమంటాను. పాత డొమైన్‌ను రెన్యూ చేయడం ఆపకండి. బ్లాగర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగుల సర్వీసు బ్లాగ్‌స్పాట్ ఉంది కదా, 2012 నుంచి మన దేశంలో దాని డాట్ కామ్ అడ్రస్ తెరిస్తే డాట్ ఇన్‌కు తీసుకుపోయేది. ఆ ఏళ్లలో తెలుగు బ్లాగుల లింకులు ఎన్నో డాట్ ఇన్‌తోనే పంచుకున్నారు. 2018లో గూగుల్ ఆ పద్ధతి ఆపేసింది. 2020 నాటికి ఆ డాట్ ఇన్ డొమైన్ వేరేవాళ్ల చేతికి పోయింది. బ్లాగులు ఉన్నాయి, రాసినవాళ్లు ఉన్నారు, ఆ లింకులు మాత్రం చచ్చిపోయాయి. అంత పెద్ద కంపెనీకే అలా జరిగితే, ఏడాదికి ఆ కాస్త డబ్బు ఎందుకులే అని మీరు వదిలేసిన డొమైన్‌ను బెట్టింగ్ సైట్ వాళ్లు కొనుక్కుంటే ఏంటి పరిస్థితి? మీ పాత కస్టమర్లను నేరుగా వాళ్ల దగ్గరికి పంపినట్టు కదా?

ఇక్కడ ముందు వరుసలో ఒక అన్న అడుగుతున్నారు. "24 గంటల్లో గూగుల్‌లో ఇండెక్స్ చేయిస్తాం, గ్యారంటీ అంటున్నారు, ఇవ్వొచ్చా?" వద్దన్నా. అట్లాంటి గ్యారంటీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. వాళ్లు చెప్పే ఇండెక్సింగ్ ఏపీఐ, అంటే ప్రోగ్రాం ద్వారా గూగుల్‌కు అడ్రస్‌లు పంపే దారి, ఉద్యోగ ప్రకటనల పేజీలకు, లైవ్ వీడియో పేజీలకు ఉద్దేశించింది. బియ్యం పేజీకి, వార్తకు కాదు. మీరే సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ పెట్టి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ నొక్కొచ్చు, ఉచితం. రోజుకు కొన్నిటికే ఒప్పుకుంటుంది కాబట్టి ముఖ్యమైనవాటికి వాడండి. ఒకే పేజీకి పదిసార్లు నొక్కితే పది రెట్లు త్వరగా రాదు. దానికన్నా మీ హోమ్ పేజీ నుంచి ఆ పేజీకి ఒక లింకు ఇవ్వండి, అది ఎక్కువ పని చేస్తుంది.

చివరి వరుసలోంచి ఇంకో ప్రశ్న. "సైట్ చేసినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు, ఇవన్నీ ఎలా చేయాలి?" డొమైన్ ఎవరి పేరు మీద ఉందమ్మా? వాళ్ల పేరు మీదే కదా. అందరికీ చెబుతున్నాను, రేపు పొద్దున చేయాల్సిన మొదటి పని ఇదే. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో ఉండాలి. హోస్టింగ్ లాగిన్ మీ దగ్గర ఉండాలి. సెర్చ్ కన్సోల్‌లో ఓనర్ మీరు కావాలి, ఏజెన్సీ వాళ్లకు యూజర్ హక్కు ఇస్తే చాలు. ఈ మూడూ చేతిలో లేకుంటే ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఒక్కటి కూడా మీరు చేయలేరు. అమ్మా, మీ సంగతి విడిగా చూద్దాం, డొమైన్ కొన్న బిల్లు, పేమెంట్ చేసిన మెసేజ్ ఉంటే వెతికి పెట్టుకోండి. డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్‌తో మాట్లాడటానికి అవి పనికొస్తాయి.

టీ వచ్చినట్టుంది. తాగి, ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఈ కుడిపక్క బల్లల దగ్గరికి రండి. ఒక్కొక్కరి సైట్ తెరిచి ఆ కర్ల్ కమాండ్ ఇచ్చి చూద్దాం. మీ పాత లింకులు రెండు మూడు సిద్ధంగా పెట్టుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో పాతవి ఉంటాయి చూడండి.